సముద్రం పక్కనే ఉన్నాం... మరి మన ఉప్పులో అయోడిన్ ఉందా?

మాది గిలకలదిండి. బందరుకు ఆనుకునే ఉంటుంది. వేటకెళ్ళే పడవలన్నీ మా ఊరి రేవులోనే ఆగుతాయి. మా ఇళ్ళల్లో వారంలో నాలుగైదు రోజులు చేపల కూరే. మెత్తళ్ళో, రొయ్యలో, పీతలో, చేతిలో డబ్బులుంటే వంజరమో చందువో. ఇక ఉప్పంటారా, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి ఉప్పు కరువేమిటి! తోపుడు బండి మీద కల్లుప్పు వస్తుంది. జాడీ నిండా పోయించుకుంటే నెలల తరబడి చూసుకోనక్కర్లేదు.

అందుకని "అయోడిన్ లోపం" అని రేడియోలో విన్నా, టీవీలో చూసినా "అది కొండల్లో ఉండేవాళ్ళ గొడవ, మనకేమిటి" అనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఇంటర్‌లో బైపీసీ చదివాను కూడా. అయినా అంతే. మీలోనూ చాలామంది ఇలాగే అనుకుంటూ ఉంటారు. నా ధీమా ఒక్క చెంచాడు ఉప్పుతో ఎలా పోయిందో చెబుతాను, వినండి.

మా పెద్దమ్మాయిని గుడివాడ ఇచ్చాం. అప్పుడు దానికి అయిదో నెల. నాలుగు రోజులుండి వెళదామని మా ఇంటికి వచ్చింది. ఆ రోజే మా వీధి ఆశా వర్కరు వచ్చి, "అక్కా, ఒక చెంచాడు ఉప్పు పెట్టండి" అంది. చేబదులు అడుగుతోందనుకుని గిన్నె నిండా తెచ్చాను. నవ్వేసి, "ఇంతొద్దక్కా, పరీక్షకి" అని సంచిలోంచి చిన్న సీసా తీసింది. చిటికెడు ఉప్పు నలిపి రెండు చుక్కలు వేసింది. రంగు రాలేదు. తెల్లగానే ఉండిపోయింది. పక్కింటి వదిన ప్యాకెట్టు ఉప్పు తెచ్చింది. చుక్క పడగానే సిరా ఒలికినట్టు నీలం తేలింది.

"అక్కా, మీ ఉప్పులో అయోడిన్ లేదు. మీ అమ్మాయికి ఈ టైములో అది చాలా ముఖ్యం" అంది.

నా గుండె జారిపోయింది. ఎందుకంటారా? రెండేళ్ళ నుంచీ గుడివాడ వెళ్ళినప్పుడల్లా ఎండు చేపలతో పాటు అయిదేసి కిలోల కల్లుప్పు నేనే మోసుకెళ్ళి ఇస్తున్నాను. "మన ఊరి ఉప్పమ్మా, కల్తీ లేనిది" అని గొప్పలు పోతూ!

సముద్రంలో ఉన్నది ఉప్పులో లేదా?

ఆ రోజు నుంచీ తెలిసినవాళ్ళనల్లా అడిగి, దొరికినదల్లా చదివాను. సముద్రపు నీటిలో అయోడిన్ ఉన్న మాట నిజమే. కానీ లీటరు నీటిలో ఉండేది 50, 60 మైక్రోగ్రాములు మాత్రమే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఆ నీటిని మడుల్లో ఎండబెట్టినప్పుడు ఉప్పు గడ్డ కడుతుంది గానీ, ఈ కాస్త అయోడిన్ దానితో పాటు గడ్డ కట్టదు. కొంత అడుగున మిగిలే చేదు నీటిలో ఉండిపోతుంది, కొంత గాలిలో కలిసిపోతుంది. మన చేతికి వచ్చే కల్లుప్పులో అయోడిన్ దాదాపు ఉండదన్నమాట. ప్యాకెట్టు ఉప్పులో ఉండేది కంపెనీవాళ్ళు విడిగా కలిపిన పొటాషియం అయోడేట్.

మరి చేపల సంగతి? సముద్రపు చేపలో అయోడిన్ బాగానే ఉంటుంది. కానీ చేప చేపకీ తేడా ఉంటుంది. చెరువు చేపలో, ఏటి చేపలో అంత ఉండదు. మా అమ్మాయి గుడివాడలో తినేది చెరువుల్లో పెంచిన శీలావతి, బొచ్చె. సముద్రపు చేప ఎప్పుడో నేను పట్టుకెళ్ళినప్పుడే. ఎండు చేపకి పట్టించేదీ ఆ కల్లుప్పే. ఇక కూరగాయలు, గింజలు అంటే, నేలలో ఉంటేనే వాటిలో ఉంటుంది. కొండవాలు నేలల్లోనూ, తరచూ వరదలొచ్చే నదీ తీరాల నేలల్లోనూ అయోడిన్ నీటితో కొట్టుకుపోతుందట. కాబట్టి ఇది కొండల వాళ్ళ గొడవ మాత్రమే కాదు.

ఆవగింజంత... కానీ రోజూ కావాలి

గొంతు కింద సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. ఒంట్లో వేడి, గుండె వేగం, నెలసరి, పిల్లల ఎదుగుదల అన్నీ అది తయారుచేసే హార్మోన్ల మీదే నడుస్తాయి. ఆ హార్మోన్లకు ముడి సరుకు అయోడిన్. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి 250, బడికెళ్ళే ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 120 కావాలి. డెబ్భై ఏళ్ళు బతికిన మనిషికి మొత్తం కలిపినా నాలుగు గ్రాములు కాదు, ఒక టీ చెంచాడు లోపే! కానీ ఒకేసారి మింగి కూర్చుంటే కుదరదు. గ్రంథి కొంత దాచుకుంటుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. అందుకే రోజూ అందాలి.

అందకపోతే ఏమవుతుంది? ఉన్న కాస్తనీ పట్టుకోవాలని గ్రంథి పెద్దదవుతుంది. అదే గాయిటర్, గొంతువాపు. పైకి కనిపించేది అదొక్కటే. కనిపించని నష్టం అంతకంటే పెద్దది. కడుపులో బిడ్డకి మొదటి మూడు నెలలూ సొంత థైరాయిడ్ హార్మోను ఉండదు, తల్లి ఇచ్చేదే. మెదడు రూపుదిద్దుకునేది అప్పుడే. లోపం మరీ ఎక్కువైతే బిడ్డ చెవిటి, మూగ, బుద్ధిమాంద్యంతో పుట్టవచ్చు, గర్భం పోవచ్చు. కొంచెం లోపమైతే బిడ్డ చక్కగానే కనబడుతుంది, చదువులో మాత్రం వెనకబడుతుంది. "వీడికి చదువు ఎక్కదు" అని మనం సరిపెట్టుకుంటాం. ఉప్పు జాడీ వైపు ఎవరం చూస్తాం చెప్పండి?

"మా అమ్మాయికి అయోడిన్ పరీక్ష చేయండి"

మర్నాడే అమ్మాయిని డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. జరిగింది చెప్పి, "దీని ఒంట్లో అయోడిన్ ఎంతుందో పరీక్ష రాయండమ్మా" అన్నాను. ఆవిడ ఓపిగ్గా రెండు సంగతులు చెప్పారు. ఈ వ్యాసానికి ప్రాణం ఆ రెండే.

మొదటిది, రక్తంలో టి.ఎస్.హెచ్. పరీక్ష. మనలో చాలామంది చేయించుకునేది ఇదే. ఆ మనిషి థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చెబుతుంది. తినే తిండిలో అయోడిన్ చాలినంత ఉందో లేదో మాత్రం చెప్పదు.

రెండోది, మూత్రంలో అయోడిన్ పరీక్ష. తిన్న అయోడిన్‌లో నూటికి తొంభై వంతులు మూత్రంలోనే పోతుంది. కాబట్టి తిండిలో ఎంత అందుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది. కానీ అది ఒక మనిషికి పనికిరాదట! రాత్రి వంజరం తింటే పొద్దున్నే ఎక్కువ చూపిస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగితే తక్కువ చూపిస్తుంది. ఒక్క రోజు వల చూసి సముద్రంలో చేపలెన్నో చెప్పగలమా? ఇదీ అంతే. అదే కొన్ని వందల మందివి ఒక్కచోట చేర్చి చూస్తే ఆ ఊరి తిండి ఎలా ఉందో తెలిసిపోతుంది. అంటే థైరాయిడ్ పరీక్ష మనిషికి, అయోడిన్ పరీక్ష ఊరికి అన్నమాట.

అమ్మాయికి టి.ఎస్.హెచ్. రాశారు. బాగానే ఉంది. "ఉప్పు మాత్రం ఈ రోజే మార్చండి" అన్నారు.

ఊరినంతా ఎలా కొలుస్తారు?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. అన్నమంతా ఒకే గిన్నెలో ఉడుకుతుంది కాబట్టి ఒక్క మెతుకు చాలు. జిల్లా అంటే ఒక గిన్నె కాదు కదా! అందుకని ముప్ఫై చోట్ల మెతుకు పడతారు. జిల్లాలోనో రాష్ట్రంలోనో ముప్ఫై ఊళ్ళూ వార్డులూ లెక్క ప్రకారం ఎంచుకుని, ఒక్కోచోట కొందరిని పరీక్షిస్తారు. చూసేవి ముఖ్యంగా నాలుగు.

ఒకటి, గొంతు. ఆరు నుంచి పన్నెండేళ్ళ బడిపిల్లల్ని నిలబెట్టి, గొంతు తడిమి చూస్తారు. తల నిటారుగా ఉన్నప్పుడు కంటికి కనబడక, చేతికి మాత్రం తగిలితే ఒకటో తరగతి వాపు. కంటికే కనబడితే రెండో తరగతి. నూటికి అయిదుగురు, అంతకు మించి తేలితే అది ఆ ప్రాంతపు ఆరోగ్య సమస్య కిందే లెక్క. పిల్లలనే ఎందుకంటే, అందరూ ఒక్కచోట దొరుకుతారు, లోటు వాళ్ళలో త్వరగా కనిపిస్తుంది. అయితే గొంతువాపు ఏళ్ళ తరబడి తయారయ్యేది. ఉప్పు మార్చగానే తగ్గదు. కాబట్టి అది నిన్నటి సంగతి చెబుతుంది.

రెండు, మూత్రం. ఇది ఇవాళ్టి సంగతి చెబుతుంది. పిల్లలకి చిన్న సీసాలిచ్చి ఒక్కసారి పట్టమంటారు. లేబొరేటరీలో సీరియం అనే మందు కలుపుతారు. దానిది పసుపు రంగు. అయోడిన్ ఎంత ఎక్కువుంటే ఆ పసుపు అంత త్వరగా వెలిసిపోతుంది. వచ్చిన అంకెలన్నీ తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేర్చి మధ్యలో ఉన్న అంకె తీసుకుంటారు. డ్రిల్లులో పిల్లల్ని పొట్టి నుంచి పొడుగుకి నిలబెడితే నట్టనడుమ ఒకరుంటారు చూడండి, అలాగ. రాత్రి చేపల విందు తిన్న ఇద్దరు ముగ్గురి వల్ల లెక్క తారుమారు కాకుండా ఈ ఏర్పాటు. ఆ నడిమి అంకె లీటరుకి 100 నుంచి 199 మైక్రోగ్రాముల మధ్య ఉంటే ఊరు క్షేమం. వందకి తగ్గితే లోటు, ఇరవైకి తగ్గితే తీవ్రమైన లోటు, మూడు వందలు దాటితే ఎక్కువైనట్టు. గర్భిణులకి మాత్రం 150 నుంచి 249 దాకా ఉండాలి.

మూడు, ఉప్పు. ఇళ్ళల్లోంచి ఉప్పు తెచ్చి చూస్తారు. చుక్కల సీసాతో ఉందో లేదో తెలుస్తుంది. కచ్చితంగా ఎంతుందో లేబొరేటరీలోనే చెప్పాలి. వంటింట్లో ఉండే ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. దీన్నే 15 పి.పి.ఎం. అంటారు. నూటికి తొంభై ఇళ్ళకు పైగా అలా ఉంటే ఆ ప్రాంతం గట్టెక్కినట్టు.

నాలుగు, పసిబిడ్డ రక్తం. పుట్టిన మూడు నాలుగు రోజులకి మడమ దగ్గర గుచ్చి ఒక చుక్క తీసి టి.ఎస్.హెచ్. చూస్తారు. అయిదు యూనిట్లు దాటిన బిడ్డలు నూటికి ముగ్గురి కంటే తక్కువుంటే ఆ ప్రాంతపు తల్లులకి అయోడిన్ అందుతోందని అర్థం.

దారి చూపిన వారిలో మన తెలుగాయన

ఇలా జనాన్ని కొలిచి చూసినందువల్లే ఉప్పులో అయోడిన్ కలపడం మన దేశంలో మొదలైంది. ఆ పని చేసినవారిలో ముఖ్యులు మన శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. 1956లో ఆయన బృందం హిమాలయాల దిగువన ఉన్న కాంగ్రా లోయకి వెళ్ళింది. అక్కడ గాయిటర్ నూటికి 38 మంది ప్రాంతంలో ఉండేది. సుమారు లక్ష మంది ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. అయిదారేళ్ళ తరవాత మళ్ళీ గొంతులు తడిమి చూస్తే, అయోడిన్ ఉప్పు తిన్న చోట వాపు సగానికి సగం తగ్గింది. మామూలు ఉప్పు తిన్న చోట ఎక్కడిదక్కడే ఉంది. తరవాత ఆ మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఆయన తరవాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేశారు. 2001లో కన్నుమూశారు.

అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మడం 1998లో దేశమంతటా నిషేధించారు. 2000లో ఎత్తేశారు. 2006 మే నుంచి మళ్ళీ నిషేధం వచ్చింది. అయినా నా జాడీలోకి కల్లుప్పు వస్తూనే ఉంది కదండీ! పశువులకనీ, చేపలు ఎండబెట్టడానికనీ వచ్చే ఉప్పే మన కూరల్లోకీ చేరుతుంది. బండివాడిని అనడం దేనికి, పిలిచి పోయించుకున్నది నేను.

మన రాష్ట్రం ఎక్కడుంది?

2018–19లో దేశమంతటా అయోడిన్ సర్వే జరిగింది. పిల్లలు కనే వయసు ఆడవాళ్ళ మూత్రంలో నడిమి అంకె 173 దాకా వచ్చింది. అంటే దేశం మొత్తం మీద క్షేమమే. ఉప్పు సరిగ్గా ఉన్న ఇళ్ళు దేశంలో నూటికి 76. మన ఆంధ్రప్రదేశ్‌లో? నూటికి 64 కూడా నిండలేదు! అన్ని రాష్ట్రాల్లోకీ అడుగు నుంచి రెండోది మనదే. మన కంటే వెనక ఉన్నది తమిళనాడు. రెండూ ఉప్పు పండే తీరాలే, చూశారా? నూటికి ముప్ఫై ఆరు ఇళ్ళల్లో ఒకటి నాది. దేశం అంకె బాగుందని నా వంటింట్లో కూతురు క్షేమంగా ఉన్నట్టు కాదు.

తరచూ వినే సందేహాలు

"అయోడిన్ ఉప్పు వల్లే ఇప్పుడు అందరికీ థైరాయిడ్ వస్తోందిట కదా?" అని మా వదిన అడిగింది. మన దగ్గర థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం, ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటున ఆ గ్రంథి మీద దాడి చేయడం. వంటకి వాడే ఉప్పు మానేస్తే అది నయం కాదు. అయితే అయోడిన్ మరీ ఎక్కువైనా చెడ్డదే. జపాన్‌లోని హొక్కైడో తీరంలో సముద్రపు నాచు విపరీతంగా తిన్నవాళ్ళకి గొంతువాపు వచ్చింది. అందుకే కొలత కావాలనేది. డాక్టరు చెప్పకుండా అయోడిన్ మాత్రలు, మందులు మింగకండి.

"బి.పి. ఉంది, ఉప్పు తగ్గించమన్నారు, మరి అయోడిన్ ఎలా?" ఉప్పు తగ్గించండి. తినే ఆ కాస్తా అయోడిన్ ఉన్నదే తినండి. పాలు, గుడ్డు, సముద్రపు చేప కూడా తోడుంటాయి.

"క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా?" అయోడిన్ అందుతున్నవాళ్ళు వండుకుని మామూలుగా తింటే భయం లేదు.

"ఆవకాయ నల్లబడుతుందేమో?" నేనూ భయపడ్డాను. అయోడిన్ కలిపిన రాళ్ళ ఉప్పు కూడా ప్యాకెట్లలో దొరుకుతోంది. కిందటి వేసవిలో దానితోనే పెట్టాను. రంగూ మారలేదు, రుచీ మారలేదు.

వంటింట్లో గుర్తుంచుకోవలసినవి

• ప్యాకెట్టు మీద "అయోడైజ్డ్" అన్న మాట, తయారైన తేదీ చూసి కొనండి. నెలకి సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

• ఉప్పు డబ్బా పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టకండి. మూత బిగుతుగా ఉండాలి. తడి చెయ్యి, తడి చెంచా పెట్టకండి. వేడికీ, తేమకీ అయోడిన్ తగ్గిపోతుంది.

• రాళ్ళ ఉప్పును కడిగి ఆరబెట్టే అలవాటుంటే మానండి. అయోడిన్ నీళ్ళలో పోతుంది.

• కూర దింపే ముందు ఉప్పు వేస్తే అయోడిన్ ఎక్కువగా నిలుస్తుంది.

• ఇంట్లో చూసుకోవాలంటే, కోసిన బంగాళాదుంప మీద ఉప్పు చల్లి, ఒక నిమిషం ఆగి, రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. నీలం వస్తే అయోడిన్ ఉన్నట్టు. ఆహార ప్రమాణాల సంస్థ చెప్పిన చిట్కా ఇది. ఎంతుందో మాత్రం దీనితో తెలియదు.

• థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ ముట్టకండి. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నెల తప్పిందనగానే డాక్టరుకి చెప్పండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇంతకీ మా గుడివాడ సంగతి చెప్పనే లేదు కదూ! ఆ రాత్రి ఉండబట్టలేక అమ్మాయిని అడిగాను, "నేను తెచ్చిన ఉప్పే కూరల్లో వేస్తారా మీ అత్తగారు?" అని. అది కాసేపు నసిగి, "లేదమ్మా, కూరల్లోకి ప్యాకెట్టు ఉప్పే. నీ ఉప్పు వడియాలకీ, ఊరగాయలకీ వాడతారు. నువ్వు బాధపడతావని చెప్పలేదు" అంది. నాకు సిగ్గూ వేసింది, ప్రాణమూ లేచొచ్చింది. వియ్యపురాలికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

కానీ నా ఇద్దరు పిల్లల్నీ నేను కన్నదీ, పెంచిందీ ఆ కల్లుప్పుతోనే. వాళ్ళకేం కాలేదు. మా సముద్రపు చేపే కాపాడిందేమో. "ఏమో" అన్న మాట మీద పిల్లల బుర్రలు వదిలేయకూడదు కదండీ. అందుకే కొలత.

మొన్న ఆశా అమ్మాయి మళ్ళీ వస్తే నేనే ఎదురెళ్ళి ఉప్పు చూపించాను. నీలం తేలింది. ఈసారి మీ ఇంటికి ఎవరైనా వచ్చి చెంచాడు ఉప్పు అడిగినా, బడిలో మీ పిల్లాడికి చిన్న సీసా ఇచ్చి మూత్రం పట్టమన్నా, "మాకేం రోగం లేదు, పొండి" అని పంపేయకండి. రోగం కోసం కాదు వాళ్ళొచ్చింది. మీ వీధిలో ఇంకా పుట్టని బిడ్డల కోసం.